అగ్నికీ నీటికీ నడుమ ఒక ఇత్తడి తొడుగు

అమెరికాలో పాత డీజిల్ ట్రక్కును సొంతానికి వాడుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అందులో కొందరి బండ్లు మూడు లక్షల మైళ్లు, అంటే మన లెక్కలో దాదాపు 4 లక్షల 80 వేల కిలోమీటర్లు తిరిగినవి. అటువంటి బండి యజమాని ఒకరోజు పొద్దున్నే, ఇంజను ఇంకా చల్లగా ఉండగానే, రేడియేటర్ పక్కనున్న నీళ్ల డబ్బా మూత తీస్తాడు. రంగు నీటి మీద నల్లని జిడ్డు తేలుతూ ఉంటుంది. ముక్కు దగ్గరగా పెడితే పెట్రోలు బంకు దగ్గర వచ్చే వాసనే. నీళ్లుండవలసిన చోటికి డీజిల్ ఎలా వచ్చింది?

ఇంజనులో నీటి దారి వేరు, ఇంధనం దారి వేరు, నూనె దారి వేరు. మూడూ ఒకే పోత ఇనుప దిమ్మలో, ఒకదాని పక్కన ఒకటి, వేలెడు దూరంలో ప్రవహిస్తున్నా ఎక్కడా కలవకూడదు. అవి కలిశాయంటే ఏదో ఒక గోడ తెగిందన్నమాట. ఇటువంటి బండ్లలో ఆ గోడ చాలాసార్లు ఇంజెక్టర్ చుట్టూ ఉండే ఒక పలుచని లోహపు తొడుగు. ఇంగ్లీషులో దానిని కప్పు అనీ, స్లీవ్ అనీ, ట్యూబ్ అనీ తయారీదారును బట్టి రకరకాలుగా పిలుస్తారు. మూడూ ఒకే వస్తువు. మన రోకలి చివర తొడిగే పొన్నును గుర్తు తెచ్చుకుంటే దీని ఆకారం సుమారుగా అర్థమవుతుంది. అయితే పొన్ను కర్రకు బయట ఉంటుంది. ఇది ఇనుప రంధ్రం లోపల, గోడకు అంటుకుని ఉంటుంది.

చూడడానికి బొటనవేలంత వస్తువు. బోలుగా, అడుగున సన్నబడి, చివర చిన్న రంధ్రంతో ఉంటుంది. దాని లోపలివైపు ఇంజెక్టర్, బయటివైపు ఇంజనును చల్లబరిచే నీరు, అడుగున మండుతున్న వాయువులు. ఇంత సున్నితమైన చోట ఇంత పలుచని గోడను ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? జవాబు కోసం డీజిల్ ఇంజను పుట్టిన రోజులకు వెళ్లాలి.

గాలితో ఊది చిమ్మిన రోజులు

రుడాల్ఫ్ డీజిల్ 1892లో జర్మనీలో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. ఆయన ఆలోచన వినడానికి సులువు. గాలిని బాగా అదిమితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టిన వారందరికీ పంపు అడుగు వేడెక్కడం తెలుసు. గాలిని ఇంకా ఎంతో అదిమితే, అందులోకి చిమ్మిన ఇంధనం నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. ఆగ్స్‌బర్గ్ నగరంలోని కర్మాగారంలో 1893 నుంచి నాలుగేళ్లు ప్రయోగాలు సాగాయి. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ ఆ ఇంజనును పరీక్షించి, ఇంధనంలోని శక్తిలో నూటికి 26 వంతులకు పైగా పనిగా మారుతున్నదని తేల్చాడు. ఆనాటి ఆవిరి యంత్రాలు ఇందులో సగం కూడా ఇవ్వలేకపోయేవి.

ఆలోచన సులువే, ఆచరణ కష్టం. అదిమిన గాలి ఉన్న గదిలోకి ఇంధనం వెళ్లాలంటే దాని పీడనం లోపలి గాలి కన్నా ఎక్కువ ఉండాలి. పైగా ధారగా పడితే చాలదు, పొగమంచులా విడిపోవాలి. అంత పీడనంతో ద్రవాన్ని కొలిచి పంపగల పంపులు డీజిల్ కాలంలో లేవు. అందుకని ఆయన గాలినే సాధనంగా చేసుకున్నాడు. ఒక విడి కంప్రెసర్ 50, 60 వాతావరణ పీడనాల గాలిని తయారు చేస్తే, ఆ గాలి ఇంధనాన్ని ఊదుకుంటూ సిలిండర్‌లోకి తీసుకెళ్లేది. పని బాగానే జరిగింది. కాని ఆ కంప్రెసర్ బరువు, దాని ఖర్చు, అది మింగే శక్తి కలిసి డీజిల్ ఇంజనును కర్మాగారాలకూ ఓడలకూ పరిమితం చేశాయి. దానిని బండి మీదికి ఎక్కించడం సాధ్యం కాలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి డ్రెస్డెన్ అనే ఓడలో ఇంగ్లండుకు వెళుతూ డీజిల్ కనిపించకుండా పోయాడు. తన ఇంజనుతో లారీ నడవడం ఆయన చూడలేదు.

గాలి లేకుండా ద్రవాన్ని నేరుగా చిమ్మే ప్రయత్నాలు మరోవైపు సాగుతూ వచ్చాయి. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టువర్ట్ 1890లోనే పంపుతో నూనెను వేడి గదిలోకి చిమ్మే ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. అందులో అదుముడు తక్కువ, కాబట్టి పంపు పని తేలిక. 1909లో జర్మనీలో ప్రాస్పర్ లోరాంజ్ సిలిండర్‌కు ముందు ఒక చిన్న గది పెట్టి, అందులో దహనం మొదలయ్యే పద్ధతి కనిపెట్టాడు. 1910లో విక్కర్స్ సంస్థకు చెందిన జేమ్స్ మెకెచ్నీ జలాంతర్గామి ఇంజనుల కోసం గాలి లేకుండా పంపు పీడనంతోనే చిమ్మే పద్ధతికి పేటెంటు పొందాడు.

లోరాంజ్ పద్ధతితో బెంజ్ కంపెనీ 1923లో డీజిల్ లారీని నడిపింది. 1924లో ఎం.ఏ.ఎన్. కంపెనీ నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే ఇంజనుతో లారీని చూపింది. రాబర్ట్ బాష్ 1922 చివరలో ఇటువంటి పంపుల తయారీకి పూనుకోగా, 1927లో అవి కర్మాగారం నుంచి వరుసగా బయటికి రాసాగాయి. ఆ పంపులోని కడ్డీకీ దాని గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులలో లెక్క. అంత నునుపుగా లోహాన్ని సానపట్టి వేల సంఖ్యలో తయారు చేయగలగడమే డీజిల్‌ను రోడ్డు మీదికి తెచ్చింది. మన దేశంలో 1951లో బెంగుళూరులో మొదలైన మైకో కంపెనీ ద్వారా ఆ పంపులు వచ్చాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు డైమ్లర్-బెంజ్ సహకారంతో డీజిల్ లారీలు తయారు చేయడం ప్రారంభించారు. ఆ తరువాత ఎన్నో ఊళ్లలో లారీ షెడ్ల పక్కన పంపు కాలిబ్రేషన్ చేసే దుకాణాలు వెలిశాయి. లారీ డ్రైవర్లకు బాష్ పేరు కన్నా మైకో పేరే ఎక్కువ తెలిసేది.

పంపూ నాజిలూ ఒకే ఒంట్లో

బాష్ పద్ధతిలో పంపు ఒకచోట, నాజిల్ మరోచోట, మధ్యలో ఉక్కు గొట్టాలు ఉంటాయి. ఈ గొట్టాలలో ఒక చిక్కుంది. ద్రవాన్ని అదమలేమని మనం బడిలో చదువుకున్నాం కాని, వందల వాతావరణ పీడనం దగ్గర డీజిల్ కూడా కొద్దిగా అణుగుతుంది, గొట్టం కొద్దిగా ఉబ్బుతుంది. పీడనం అలలుగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. నాజిల్ మూసుకోవలసిన క్షణంలో మూసుకోక, చివరి చుక్క కారుతుంది. ఆ చుక్క సరిగా మండక పొగ అవుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువ.

అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడిపిన చార్లెస్ కెటరింగ్ బృందం గొట్టాన్ని పూర్తిగా తీసివేసే మార్గం ఎంచుకుంది. పంపునూ నాజిల్‌నూ ఒకే ఒంట్లో ఇమిడ్చి, ఒక్కో సిలిండర్ నెత్తిన ఒక్కొక్కటి పెట్టారు. పైనుంచి రాకర్ మీట నొక్కితే లోపలి కడ్డీ దిగి, ఇంధనాన్ని అక్కడికక్కడే చిమ్ముతుంది. దీనికే యూనిట్ ఇంజెక్టర్ అని పేరు. 1934 మే నెలలో డెన్వర్ నుంచి షికాగోకు 1,000 మైళ్లకు పైగా దూరాన్ని ఆగకుండా 13 గంటలలో చేరిన జెఫిర్ రైలు ఈ కృషిలో పుట్టిన ఇంజనుతోనే నడిచింది. 1938లో లారీలు, బస్సులు, పడవలకు సరిపోయే చిన్న ఇంజను వచ్చింది. ఒక్కో సిలిండర్ 71 ఘనపుటంగుళాలు కాబట్టి దానికి సిరీస్ 71 అనే పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను తీరానికి దింపిన పడవలలోనూ, ఎం4ఏ2 రకం షెర్మన్ ట్యాంకులలోనూ ఉన్నవి ఈ ఇంజనులే.

మన తొడుగు కథ ఇక్కడే ఊపందుకుంటుంది. యూనిట్ ఇంజెక్టర్ లావుగా ఉంటుంది. దానిని సిలిండర్ హెడ్డులో సరిగ్గా నడిమధ్య, వాల్వుల నడుమ నిలబెట్టాలి. ఇంజనులో అన్నిటికన్నా వేడెక్కే చోటు అదే. నాజిల్ కొన బాగా వేడెక్కితే అందులో మిగిలిన డీజిల్ బొగ్గుగా మారి, సన్నని రంధ్రాలు పూడుకుపోతాయి, లోపలి సూది బిగుసుకుంటుంది. కాబట్టి ఇంజెక్టర్ చుట్టూ నీరు ప్రవహించాలి. కాని నీరు ఇంజెక్టర్‌ను నేరుగా తాకకూడదు. తాకితే, ఇంజెక్టర్‌ను బయటికి తీసిన ప్రతిసారీ నీళ్లన్నీ సిలిండర్‌లో పడతాయి.

హెడ్డును పోత పోసేటప్పుడే ఇంజెక్టర్ చుట్టూ ఇనుప గోడ వచ్చేలా చేయవచ్చు. కాని పోత ఇనుమును నమ్మకంగా పోయాలంటే గోడ కొంత మందంగా ఉండాలి. మందమైన గోడ వేడిని నెమ్మదిగా దాటిస్తుంది. పైగా ఇనుము ఉష్ణవాహకత కూడా అంతంత మాత్రమే. రాగి ఉష్ణవాహకత దానికి ఏడెనిమిది రెట్లు ఉంటుంది. అందుకే ఆ ఇంజనీర్లు హెడ్డులో నీటి గది గుండా ఒక రంధ్రం వదిలి, అందులో పలుచని రాగి గొట్టం నిలబెట్టారు. పైన రబ్బరు రింగు, అడుగున గొట్టం అంచునే విప్పి హెడ్డు లోహానికి నొక్కి బిగించే ఏర్పాటు. ఇంజెక్టర్ వచ్చి ఆ రాగి గొట్టంలో కూర్చుంటుంది. వేడి ఇంజెక్టర్ నుంచి రాగికి, రాగి నుంచి నీటికి పోతుంది.

ఆ రాగి గొట్టం మార్చాలంటే హెడ్డు దింపి బల్ల మీదికి ఎత్తాలి. పాతదానిని తీసి, కొత్తదానిని దిగగొట్టి, అడుగు అంచు విప్పాలి. ఆపైన ప్రత్యేకమైన రీమర్లతో లోపలి గద్దెను చెక్కాలి. ఎక్కువ చెక్కితే నాజిల్ కొన సిలిండర్‌లోకి పొడుచుకు వస్తుంది, తక్కువ చెక్కితే పైనే ఆగిపోతుంది. ఇది చేయి తిరిగిన షెడ్డు మనిషి పని. ఇంటి ముందు చేసుకునే పని కాదు.

ఇత్తడి ఎందుకు వదులవుతుంది?

యాభై ఏళ్ల తరువాత తొడుగు మరో రూపంలో ఇళ్ల ముందుకు వచ్చింది. 1994లో ఫోర్డ్ పికప్ ట్రక్కులలో పవర్ స్ట్రోక్ అనే 7.3 లీటర్ల ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజను ప్రవేశపెట్టారు. తయారీ నావిస్టార్ సంస్థది. 2003 వరకు దానిని బండ్లలో అమర్చారు. అందులోని ఇంజెక్టర్‌ను నడిపేది రాకర్ మీట కాదు, ఇంజను నూనె. కంప్యూటర్ ఆజ్ఞతో కవాటం తెరుచుకోగానే 35 నుంచి 200 బార్ల వరకు పీడనం గల నూనె ఇంజెక్టర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ పిస్టన్ పైభాగం వైశాల్యం, అడుగున ఇంధనాన్ని నెట్టే భాగం వైశాల్యానికి ఏడు రెట్లు. కాబట్టి ఇంధనం మీద పీడనం కూడా దాదాపు ఏడు రెట్లవుతుంది. క్యాటర్‌పిల్లర్, నావిస్టార్ కలిసి ఈ పద్ధతిని రూపొందించాయి.

ఈ ఏర్పాటులో హెడ్డు రంధ్రంలో కూర్చున్న ఇంజెక్టర్ చుట్టూ పైభాగంలో నూనె, నడుమ ఇంధనం ఉంటాయి. అడుగున రాగి వాషరు దహన వాయువులను ఆపుతుంది. ఇంధనం ఉన్న ఖాళీకీ, హెడ్డులోని నీటికీ మధ్య అడ్డుగోడ ఇత్తడి తొడుగు. దానిని అంటించే పదార్థం పూసి హెడ్డులోకి దిగగొడతారు.

దీనిని బండి చక్రానికి కమ్మరి వేసే ఇనుప పట్టాతో పోల్చి చూడవచ్చు. కమ్మరి పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తాడు. పట్టా ముడుచుకుని చక్రాన్ని బిగిస్తుంది. బయట ఉన్నది ముడుచుకుంటే పట్టు పెరుగుతుంది. మన తొడుగు లోపల ఉంది. లోపల ఉన్నది ముడుచుకుంటే పట్టు తగ్గుతుంది.

చిన్న లెక్క వేద్దాం. తొడుగు వ్యాసం 25 మిల్లీమీటర్లనీ, ఇంజను 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిందనీ అనుకుందాం. పోత ఇనుప రంధ్రం సుమారు 0.021 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇత్తడి స్వేచ్ఛగా ఉంటే 0.039 మిల్లీమీటర్లు పెరగాలి. తేడా 0.018 మిల్లీమీటర్లు. అంటే తల వెంట్రుక మందంలో సుమారు నాలుగో వంతు. ఇనుము చోటివ్వదు కనుక ఇత్తడి అణిగి ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఇంజను చల్లారి మళ్లీ వేడెక్కితే, ఇరవై ఏళ్లలో ఇది 14,600 సార్లు జరుగుతుంది. ప్రతిసారీ అణిగిన లోహం చివరికి కొద్దిగా ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగినప్పుడు, ఇనుము కన్నా ఇత్తడి ఎక్కువ ముడుచుకుని ఇంకో 0.009 మిల్లీమీటర్ల సందు ఇస్తుంది. నీటికీ డీజిల్‌కూ ఆ సందు చాలు.

దీనికి దహనపు దెబ్బలు తోడవుతాయి. మూడు లక్షల మైళ్లు సగటున గంటకు 40 మైళ్ల వేగంతో తిరిగితే 7,500 గంటలు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండర్ నిమిషానికి వెయ్యిసార్లు మండుతుంది. మొత్తం 45 కోట్ల దెబ్బలు. అడుగున సన్నని అంచులో పగులు రావడానికి ఇవి కారణం. మూడో శత్రువు నీరు. శీతలీకరణ ద్రవంలో తుప్పును ఆపే రసాయనాలు కలుపుతారు. కాలంతో పాటు అవి ఖర్చయిపోతాయి. మార్చవలసిన గడువు దాటితే ఆ ద్రవమే లోహాన్ని కొరకడం మొదలుపెడుతుంది.

ఇంజను నడుస్తున్నప్పుడు హెడ్డులో ఇంధనం పీడనం నీటి పీడనం కన్నా ఎక్కువ. నీటి డబ్బా మూత సుమారు ఒక వాతావరణ పీడనం వరకే నిలుపుతుంది. ఇంధనం పీడనం దానికి మూడు, నాలుగు రెట్లు. కాబట్టి డీజిల్ నీటిలోకి పోతుంది. ఇంజను ఆపాక ఇంధనం పీడనం పడిపోతుంది కాని, వేడి నీటి పీడనం కొంతసేపు అలాగే ఉంటుంది. అప్పుడు దారి తిరగబడి నీరే ఇంధనంలోకి రావచ్చు. సన్నని సందులతో పని చేసే ఇంజెక్టర్‌కు నీరు తగిలితే తుప్పే. పగులు అడుగున ఉంటే నీరు నేరుగా సిలిండర్‌లోకి దిగి, పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లని పొగ వస్తుంది. తెల్లని పొగ చూడగానే హెడ్డు గ్యాస్కెట్ పోయిందని హెడ్డు దింపేవారు ఉన్నారు. ఎంతో శ్రమ, డబ్బు ఖర్చయ్యాక గాని అసలు దోషం ఈ చిన్న తొడుగుదని తెలియదు.

ఇంటి ముందు మరమ్మతు

7.3 లీటర్ల ఇంజను విషయంలో అమెరికాలో ఎందరో ఈ మరమ్మతును తమ ఇంటి ముందే చేసుకుంటారు. 1938 నాటి రాగి గొట్టానికీ దీనికీ ముఖ్యమైన తేడా అదే. హెడ్డును దింపనక్కరలేదు, లోపల చెక్కే పని లేదు. కావలసింది ప్రత్యేక సాధనాలు రెండు: పాత తొడుగును లాగేది ఒకటి, కొత్తదాన్ని నేరుగా దించేది ఒకటి. మిగిలినదంతా ఓపిక, వరుస తప్పకపోవడం.

మొదట దోషం నిర్ధారించాలి. ఇంజెక్టర్లు తీసి, నీటి డబ్బాకు చేతి పంపు తగిలించి ఒక వాతావరణం మేరకు పీడనం ఎక్కించి, టార్చి వేసి ఒక్కో రంధ్రంలోకి చూడాలి. చెమ్మ ఊరిన తొడుగే దొంగ. ఎనిమిదింటిలో ఒక్కటే కారుతున్నా, మిగిలిన ఏడూ అన్నే మైళ్లు తిరిగినవి. అందుకే చాలామంది ఎనిమిదీ మార్చేస్తారు.

ఇంజెక్టర్లను బయటికి లాగక ముందు చేయవలసిన పని ఒకటుంది. హెడ్డులోని ఇంధనపు కాలువనూ, నూనె కాలువనూ, నీటినీ ఖాళీ చేయాలి. మరిచిపోయి ఇంజెక్టర్ లాగితే ఆ ద్రవమంతా కింద ఉన్న సిలిండర్‌లోకి జారుతుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత జారక మానదు. ఇంటి ముందు చేసే ఈ పనిలో పెద్ద ప్రమాదం ఇదే. డీజిల్ ఇంజను గాలిని పదిహేడు, పద్దెనిమిదో వంతుకు అదుముతుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి మిగిలే చోటు చాలా తక్కువ. అక్కడ గాలికి బదులు ద్రవం నిండి ఉంటే అది అణగదు. పిస్టన్ ఆగిపోతుంది, క్రాంక్ ఆగదు. వంగిపోయేది మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు. తొడుగు మార్చడానికి కూర్చున్న మనిషి ఇంజను మొత్తం పోగొట్టుకుంటాడు. అందుకని చివర స్టార్ట్ చేయబోయే ముందు గ్లో ప్లగ్గులు తీసి, ఇంజనును తిప్పి, లోపలి ద్రవమంతా ఆ రంధ్రాల గుండా బయటికి పోనివ్వాలి. గ్లో ప్లగ్గుల రంధ్రాలకు ఎదురుగా మనుషులెవరూ నిలబడకూడదు. అక్కడినుంచి వచ్చేది చుక్కలు కాదు, ధార.

పాత తొడుగు లోపల మరలు కోసి, లాగే సాధనం బిగించి, జారే సుత్తితో పైకి కొడితే అది ఊడి వస్తుంది. ఆ తరువాతి పని అందరికీ విసుగు పుట్టించేది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇనుప రంధ్రాన్ని శుభ్రం చేయడం. పాత జిగురు, తుప్పు, జిడ్డు ఏ కాస్త మిగిలినా కొత్త తొడుగు కూడా కారుతుంది.

ఇక్కడ వాడే జిగురుకు సొంత చరిత్ర ఉంది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరంలోని ట్రినిటీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన వెర్నన్ క్రీబుల్ 1953లో ఒక విచిత్రమైన ద్రవాన్ని రూపొందించాడు. గాలి తగిలినంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. గాలి చొరని ఇరుకు సందులో, లోహం ఆనుకుని ఉన్నప్పుడు గట్టిపడుతుంది. దాని అణువులు గొలుసులుగా కలవకుండా ఆక్సిజన్ అడ్డుపడుతుంది. ఆక్సిజన్ అందని చోట, లోహపు అయాన్లు ఉత్ప్రేరకాలై గొలుసు సాగుతుంది. లాక్‌టైట్ అనే పేరుతో వచ్చిన ఆ పదార్థాలలో ఎక్కువ వేడికి ఆగే రకాన్ని తొడుగు అంచులకు పూసి దిగగొడతారు. నునుపుగా కనిపించే లోహం మీద కూడా సూక్ష్మమైన ఎత్తుపల్లాలుంటాయి. కేవలం బిగుతును నమ్ముకుంటే నీరు ఆ పల్లాల వెంట పాకుతుంది. ఆ పల్లాలను నింపడమే జిగురు పని. అది పూర్తిగా గట్టిపడే వరకు నీరు పోయకూడదు. ఒక రాత్రి ఆగలేక తొందరపడినవారు ఈ పనంతా మళ్లీ చేయవలసి వస్తుంది.

తరువాత ఇంజెక్టర్లకు కొత్త రబ్బరు రింగులూ, కొత్త రాగి వాషర్లూ వేసి, టార్క్ రెంచితో చెప్పిన మేరకే బిగించాలి. నీటి దారిని సబ్బు ద్రావణంతో పలుమార్లు కడగాలి. డీజిల్ నానిన రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడి ఉంటాయి. వాటిని కూడా మార్చవలసిందే. లేకపోతే బాగుచేసిన బండి దారి మధ్యలో గొట్టం పగిలి ఆగుతుంది.

ఎవరి చేతిలో ఉంది?

ఈ కథ అక్కడ ఆగలేదు. 1990ల రెండో సగంలో కామన్ రైల్ పద్ధతి వచ్చింది. ఒకే పంపు ఉమ్మడి గొట్టంలో అధిక పీడనాన్ని నిలువ ఉంచితే, ఒక్కో ఇంజెక్టర్ కంప్యూటర్ చెప్పిన క్షణంలో తెరుచుకుంటుంది. 1995లో జపాన్‌లో డెన్సో దీనిని లారీలకు, 1997లో ఫియట్ కృషి మీద బాష్ దీనిని కార్లకు తెచ్చాయి. అమెరికన్ పికప్‌లలో 2001 మోడల్ షెవ్రొలె డ్యూరామాక్స్ ఇంజనుతో ఇది ప్రవేశించింది. ఆ మొదటి రకంలో ఇంజెక్టర్లు వాల్వు మూత కింద, ఉక్కు తొడుగులలో ఉండేవి. 2004 నాటి తరువాతి రకంలో ఇంజెక్టర్‌ను మూత బయటినుంచే తీయగలిగేలా మార్చారు. మెకానిక్ చేయి ఎక్కడికి అందుతుందన్నది కూడా ఇంజను నిర్మాణంలో భాగమేనని దీనివల్ల తెలుస్తుంది.

లోహం కూడా మారింది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పుకు, పగుళ్లకు బాగా ఆగుతుంది. కాని దాని ఉష్ణవాహకత రాగిలో ఇరవై అయిదో వంతు మాత్రమే. బలం కావాలంటే చల్లదనాన్ని కొంత వదులుకోవాలి, చల్లదనం కావాలంటే బలాన్ని. కెటరింగ్ కాలంలో రాగికి మొగ్గిన తూకం, పీడనాలు పెరిగేకొద్దీ ఉక్కువైపు ఒరిగింది.

చేతి పనిముట్లతో సరిపోయే రోజులు మాత్రం తగ్గుతున్నాయి. కామన్ రైల్ ఇంజెక్టర్లలో చాలావాటికి, తయారీలో వచ్చిన స్వల్ప తేడాలను తెలిపే సంకేత సంఖ్య ఒక్కోదానికి వేరుగా ఉంటుంది. కొత్త ఇంజెక్టర్ బిగించాక ఆ సంఖ్యను బండి కంప్యూటర్‌కు చెప్పాలి. అందుకు తగిన సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉంటే, తొడుగు మార్చగలిగినవాడు కూడా చివరి మెట్టు దగ్గర ఆగిపోతాడు. 2012లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు ఓటర్లు, వాహనాల మరమ్మతు సమాచారాన్ని యజమానులకూ బయటి మెకానిక్‌లకూ ఇవ్వాలని భారీ ఆధిక్యంతో తీర్పు చెప్పారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. దాని పరిధిలో వ్యవసాయ యంత్రాలు, వాహనాలు కూడా ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో గాని, ఏ జాతీయ రహదారి పక్కన ఉన్న షెడ్డులో గాని నూనె చేతులతో పనిచేసే మెకానిక్ బతుకుతెరువుకు ఇది నేరుగా సంబంధించిన విషయం.

పాత ట్రక్కును ఇంటి ముందు విప్పుకుని కూర్చున్న మనిషి తన డబ్బు మిగుల్చుకుంటున్నాడు. దానితోపాటు ఇంకా చాలా ఏళ్లు నడవగల ఒక ఇంజనును పాత ఇనుము కొట్టుకు పోకుండా ఆపుతున్నాడు. ఆయన చేతిలో ఉన్న బొటనవేలంత ఇత్తడి ముక్క వెల, అది కాపాడే ఇంజను వెలతో పోలిస్తే లెక్కలోకి రాదు. అయితే అది కాపాడాలంటే సమయానికి మార్చాలి. నీళ్ల డబ్బాలో డీజిల్ వాసన తగిలిన పొద్దున, ఈ ఒక్క ట్రిప్పూ అయ్యాక చూద్దామనుకోకుండా, బండిని ఆ రోజే ఆపాలి. నీటి ద్రవాన్ని చెప్పిన గడువుకు మారుస్తూ వస్తే ఆ పొద్దున ఇంకా చాలా ఏళ్లు ఆలస్యంగా వస్తుంది.